కెనడా పీఆర్ వచ్చింది, ప్రయాణం మూడు నెలల్లో: ఉద్యోగ వేట హైదరాబాద్‌లోనే మొదలుపెట్టండి

పీఆర్ (శాశ్వత నివాస అనుమతి) వచ్చిందనగానే ఇంట్లో సూట్‌కేసులు, పచ్చళ్లు, బంధువుల భోజనాల హడావుడి మొదలవుతుంది. ఉద్యోగం మాట మాత్రం "అక్కడికెళ్లాక చూసుకుందాం" దగ్గర ఆగిపోతుంది. టొరంటోలో డాలర్లలో అద్దె కడుతూ, ఇల్లు వెతుక్కుంటూ, పిల్లల్ని బడిలో వేస్తూ రెజ్యూమె దిద్దుకోవడం ఎంత కష్టమో వెళ్లినవాళ్లను అడిగితే చెప్తారు. ఇందులో సగానికి పైగా పని ఇక్కడ జీతం వస్తుండగానే చేసుకోవచ్చు. చివరి 12 వారాలు చాలు.

ఇక్కడ తప్ప దొరకని కాగితాలు

మన కంపెనీలు ఇచ్చే రిలీవింగ్ లెటర్‌లో చేరిన తేదీ, మానేసిన తేదీ, హోదా తప్ప సాధారణంగా ఏమీ ఉండవు. అక్కడ పనికొచ్చే లేఖలో చేసిన పనులు ఐదారు వాక్యాల్లో ఉండాలి. వారానికి ఎన్ని గంటలు, జీతం ఎంత, పైఅధికారి పేరు, ఆయన ఆఫీసు ఈమెయిల్ కూడా ఉండాలి. హెచ్‌ఆర్ కుదరదంటే మీ మేనేజర్ చేత సంతకం చేయించిన లేఖ, ఆయన విజిటింగ్ కార్డు తీసుకోండి. నోటీస్ పీరియడ్ మొదటి వారంలోనే అడగండి. ల్యాప్‌టాప్ అప్పగించే రోజు ఎవరికీ తీరిక ఉండదు. అడిగే ముందు లేఖ చిత్తుప్రతి మీరే రాసి ఇస్తే పని తొందరగా అవుతుంది.

ఈపీఎఫ్‌ఓ సైటులోకి వెళ్లి సర్వీస్ హిస్టరీ, పాస్‌బుక్ దింపుకోండి. ఓటీపీ మీ ఇక్కడి నంబరుకే వస్తుంది, కాబట్టి సిమ్ ఆగిపోకముందే చేయాలి. అసలు ఆ సిమ్‌ను మూసేయకుండా రోమింగ్‌తో బతికించి ఉంచుకుంటే బ్యాంకు పనులకూ పనికొస్తుంది.

అమీర్‌పేట చుట్టుపక్కల "రెండేళ్ల అనుభవం కలిపి చూపిస్తాం" అనేవాళ్లు ఇంకా ఉన్నారు. దయచేసి ఆ జోలికి పోవద్దు. లేని ఉద్యోగానికి పీఎఫ్ జమ ఉండదు, బ్యాక్‌గ్రౌండ్ చెక్ చేసేవాళ్లు దాన్ని అడగొచ్చు. ఇమ్మిగ్రేషన్ పత్రాల్లో ఆ అబద్ధం చేరితే కెనడా చట్టం ప్రకారం 5 ఏళ్ల నిషేధం పడుతుంది. పీఆర్ వచ్చాక బయటపడినా అది పోయే ప్రమాదం ఉంది.

ఈసీఏ (మన డిగ్రీ అక్కడి ఏ చదువుకు సమానమో తేల్చే మదింపు) కోసం ట్రాన్స్‌క్రిప్టులు ఇదివరకే పంపించి ఉంటారు. ఇంకో రెండు సీల్డ్ కవర్ల సెట్లు తీసి దగ్గర పెట్టుకోండి. లైసెన్సు ఉండాల్సిన వృత్తులవాళ్లకు ఇది మరీ ముఖ్యం. లైసెన్సు ఇచ్చే సంస్థలు చాలాసార్లు యూనివర్సిటీ నుంచి నేరుగా రావాలంటాయి. కాబట్టి ఓయూ అయినా, జేఎన్‌టీయూ అయినా ఎగ్జామ్ బ్రాంచ్‌లో ఫీజు, ఫారం వివరాలు కనుక్కుని, తమ్ముడికో నాన్నగారికో ఆథరైజేషన్ లెటర్ రాసిచ్చి వెళ్లండి.

ఫార్మసిస్టులు, నర్సులు, డాక్టర్లు, టీచర్లు, సివిల్ వంటి కోర్ ఇంజినీర్లు వెళ్లగానే ఆ పని చేయలేరు. లైసెన్సు రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది. ఫార్మసిస్టులు మొదట పీఈబీసీ (ఫార్మసిస్టుల పరీక్షల బోర్డు) మదింపు, పరీక్షలతో మొదలుపెట్టాలి. నర్సులకు కొన్ని రాష్ట్రాల్లో ఎన్‌ఎన్‌ఏఎస్ అనే సంస్థ ద్వారా పత్రాల పరిశీలన ఉంటుంది. ఆంటారియోలో ఇంజినీర్లకు లైసెన్సిచ్చే పీఈఓ, కెనడా అనుభవం తప్పనిసరి అన్న షరతును 2023లో తీసేసింది. అది మనవాళ్లకు పెద్ద మేలు. అయితే లైసెన్సు చేతికొచ్చేదాకా ప్రొఫైల్‌లో "సివిల్ ఇంజినీర్" అని పెట్టుకోవద్దు. ఆ పదానికి అక్కడ చట్టరక్షణ ఉంది. "స్ట్రక్చరల్ డిజైన్‌లో 8 ఏళ్లు" అని రాసుకుంటే ఇబ్బంది లేదు.

పేరు దగ్గరే తేల్చుకోండి

మన పేర్లు అక్కడ చేసే గందరగోళం చిన్నది కాదు. పాస్‌పోర్టులో ఇంటిపేరు ఒకచోట, "నాగ వెంకట సాయి" అంతా గివెన్ నేమ్‌లో ఉంటుంది. ఆఫీసులో "సాయి" అంటారు, ఈమెయిల్‌లో ఇంటిపేరు ముందు వస్తుంది, లింక్డ్‌ఇన్‌లో రెండు ఇనీషియల్స్ ఉంటాయి. రిక్రూటర్‌కు ఇవన్నీ వేర్వేరు మనుషుల్లా కనిపిస్తాయి. ఫోన్ చేసినప్పుడు ఇంటిపేరుతో పిలుస్తారు, మనం ఎవరినో అనుకుని తడబడతాం.

పిలవాల్సిన పేరు ముందు, ఇంటిపేరు చివర పెట్టండి. రెజ్యూమె, లింక్డ్‌ఇన్, ఈమెయిల్ మూడింట్లోనూ అక్షరం తేడా లేకుండా అదే ఉండాలి. పాస్‌పోర్టు పూర్తి పేరు ఆఫర్ లెటర్ దగ్గర, పేరోల్ దగ్గర ఇస్తే చాలు. లింక్డ్‌ఇన్ మొబైల్ యాప్‌లో పేరు ఎలా పలకాలో 10 సెకన్ల వరకు రికార్డు చేసి పెట్టే సదుపాయం ఉంది, అదీ వాడుకోండి. పేరు కత్తిరించి "శామ్" అనో "క్రిస్" అనో మార్చుకోవాల్సిన అవసరమైతే లేదు.

రెజ్యూమె

ఫోటో, పుట్టిన తేదీ, తండ్రి పేరు, పెళ్లయిందా లేదా, పాస్‌పోర్టు నంబరు తీసేయండి. కింద "ఐ హియర్‌బై డిక్లేర్" అన్న పేరా కూడా అక్కర్లేదు. పేజీ సైజు ఏ4 కాదు, "లెటర్" అనే సైజు పెట్టుకోవాలి. పదేళ్ల అనుభవం ఉన్నా రెండు పేజీలు దాటొద్దు. రెండు నిలువు వరుసలు, టేబుళ్లు, బొమ్మలు ఉన్న డిజైన్లను దరఖాస్తుల సాఫ్ట్‌వేర్ తప్పుగా చదివి తేదీలను కలగాపులగం చేస్తుంది. ఒకే వరుసలో సాదాగా ఉన్న వర్డ్ ఫైలే మంచిది.

అన్నిటికంటే దెబ్బతీసేవి మాటలు. ఇక్కడ లెక్కలు రాసే "అకౌంట్స్ ఎగ్జిక్యూటివ్", అక్కడ "అకౌంట్ ఎగ్జిక్యూటివ్" అంటే అమ్మకాల మనిషి. అకౌంట్స్ చేసే అమ్మాయి ఆ హోదాతో దరఖాస్తు పెడితే సేల్స్ ఉద్యోగాలవాళ్లు పిలుస్తారు, అకౌంట్స్‌వాళ్లు పక్కన పెడతారు. "పాస్డ్ ఔట్ ఇన్ 2014" అని రాస్తే స్పృహ తప్పినట్టు అర్థమవుతుంది, "గ్రాడ్యుయేటెడ్" అనాలి. లక్షలు, కోట్లు వాళ్లకు తెలియవు, 12 కోట్లను 120 మిలియన్ రూపాయలు అని రాసి పక్కన డాలర్లలో వేయండి. సీటీసీ అనరు, ఏడాది జీతం అంటారు. మీ కంపెనీ పేరు అక్కడ తెలియకపోతే పేరు కిందే ఒక వాక్యం చేర్చండి: "హైదరాబాద్‌లో 400 మందితో నడిచే మందుల తయారీ సంస్థ" అన్నట్టు.

మీ హోదాకు అక్కడి పేరేమిటో తెలుసుకోవడానికి కెనడా ప్రభుత్వ జాబ్ బ్యాంక్ సైటు చూడండి. ప్రతి వృత్తికీ ఎన్‌ఓసీ కోడ్ (కెనడా ప్రభుత్వం వృత్తులకిచ్చే సంఖ్య) ఉంటుంది. సాఫ్ట్‌వేర్ డెవలపర్లకు 21232, డేటా సైంటిస్టులకు 21211. ఆ కోడ్ కింద చేసే పనుల జాబితా, ఊరి వారీగా తక్కువ, మధ్యస్థ, ఎక్కువ జీతాలు ఉంటాయి. మీకు కావాల్సిన ఊళ్లో 15 ప్రకటనలు తీసి, అందరూ అడిగే పదాలేవో గీత గీసుకోండి. మీరు నిజంగా చేసిన పనులకు ఆ పదాలు వాడండి. చేయనివాటిని ఇరికిస్తే ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే దొరికిపోతారు.

లింక్డ్‌ఇన్‌లో సీనియర్లను పట్టుకోవడం

హెడ్‌లైన్‌లో 220 అక్షరాలు పడతాయి. అందులో మూడు విషయాలు చాలు: ఏ పని చేస్తారు, ఏ రంగంలో, ఎప్పుడు ఎక్కడికి వస్తున్నారు. "పీఆర్ ఉంది, స్పాన్సర్‌షిప్ అక్కర్లేదు" అన్న ముక్క తప్పక పెట్టండి. హైదరాబాద్ ప్రొఫైల్ చూడగానే రిక్రూటర్‌కు వచ్చే మొదటి అనుమానం వీసాయే. ఉద్యోగం వెతుకుతున్నానని చూపే "ఓపెన్ టు వర్క్" పెట్టేటప్పుడు "రిక్రూటర్లకు మాత్రమే" ఎంచుకోండి. అయినా మీ కంపెనీవాళ్లకు తెలియదన్న పూచీ ఏమీ లేదు, రాజీనామా ఇచ్చాకే పెట్టడం నయం. లొకేషన్ ప్రయాణానికి రెండు మూడు వారాల ముందు మార్చండి.

ఇక అసలు పని. లింక్డ్‌ఇన్‌లో మీ యూనివర్సిటీ పేజీ తెరవండి. ఉస్మానియా, జేఎన్‌టీయూహెచ్, సీబీఐటీ, వాసవి, ఏదైనా సరే. అక్కడ "అలమ్నై" అనే ట్యాబ్ ఉంటుంది. ఎక్కడ ఉంటున్నారు అన్నచోట టొరంటో వేయండి. కింద కంపెనీలవారీగా, పనులవారీగా లెక్క వస్తుంది. మీ పనికి దగ్గరైనదాన్ని నొక్కితే మీ కాలేజీలో చదివి, ఇప్పుడు అక్కడ మీ పనే చేస్తున్నవాళ్ల జాబితా కళ్ల ముందు ఉంటుంది. అందులోంచి 20 మందిని ఒక షీట్‌లో రాసుకోండి. విమానం ఎక్కి పదిహేనేళ్లయిన డైరెక్టర్లకన్నా, వెళ్లి రెండు నుంచి ఐదేళ్లయినవాళ్లు మేలు. ఉద్యోగం వెతుక్కున్న దారి వాళ్లకింకా గుర్తుంటుంది.

ఉచిత ఖాతాలో ఇన్విటేషన్‌తో పాటు రాసే నోట్ 200 అక్షరాలే, అదీ నెలకు కొన్నే. కాబట్టి వాటిని ఈ 20 మందికే దాచుకోండి. నోట్ ఇలా ఉంటే చాలు:

"హాయ్, నేనూ ఓయూ ఈసీఈ, 2014. సెప్టెంబరులో పీఆర్‌పై టొరంటో వస్తున్నాను. టెస్టింగ్‌లో 9 ఏళ్లు. మీరు బ్యాంకింగ్ వైపు ఎలా మారారో 15 నిమిషాలు అడగాలని ఉంది. ఏ శనివారమైనా వీలవుతుందా?"

దీన్ని ఇంగ్లిష్‌లో రాసినా ఇంతే పొడవుండాలి. తెలుగువాళ్లే అయినా ముక్కూమొహం తెలియని మనిషిని "అన్నా", "బ్రో" అనొద్దు, పేరు పక్కన "గారు" హాయిగా ఉంటుంది. కెనడావాళ్లకు రాస్తే "రెస్పెక్టెడ్ సర్" తీసేసి మొదటి పేరుతోనే పిలవాలి, వాళ్లకు అదే మర్యాద. రెజ్యూమె జతచేసి "ఏదైనా ఓపెనింగ్ ఉంటే చూడండి" అని పంపితే జవాబు రాదు. చదివే మనిషికి మీ గురించి ఏమీ తెలియదు, పైగా తన పేరు పణంగా పెట్టమని అడుగుతున్నారు. తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో అదే వాక్యం రోజుకు పదిసార్లు పడుతుంటుంది, అందుకే ఎవరూ పట్టించుకోరు.

ఫోన్‌కు ఒప్పుకుంటే టైము లెక్క సరిచూసుకోండి. టొరంటోలో ఉదయం 10 అంటే వేసవిలో మనకు రాత్రి 7:30, చలికాలంలో 8:30. గడియారం మార్చి రెండో ఆదివారం, నవంబరు మొదటి ఆదివారం మారుతుంది. ఆ వారాల్లో ఇంటర్వ్యూలు తప్పిపోవడం మామూలే, కాబట్టి రెండు ఊళ్ల టైమూ రాసి పంపండి.

అడగాల్సినవి నాలుగే. మొదటి మూడు నెలల్లో మీరు చేసినవాటిలో ఏది పనికొచ్చింది? నా పనిని అక్కడ ఏ పేరుతో పిలుస్తారు? కాంట్రాక్టు ఉద్యోగాలు ఏ ఏజెన్సీలు ఇస్తాయి? ఇంకెవరితో మాట్లాడితే మంచిది? ఈ చివరి ప్రశ్నే అన్నిటికన్నా విలువైనది. ఒక్క ఫోన్ ఇద్దరి పేర్లు ఇస్తుంది, అప్పుడు "ఫలానావారు చెప్పారు" అని రాయొచ్చు. ఉద్యోగం మాత్రం అడగొద్దు. 15 నిమిషాలు కాగానే మీరే ముగించండి.

మర్నాటికల్లా కృతజ్ఞత చెప్తూ రెండు వాక్యాలు పంపండి. రెండు మూడు వారాల తర్వాత, వాళ్లు చెప్పినదాంట్లో మీరేం చేశారో ఇంకో సందేశం రాయండి. చాలామంది ఇక్కడే వదిలేస్తారు. రిఫరల్ అడిగే చనువు ఈ రెండో సందేశం తర్వాతే వస్తుంది. అప్పుడు కూడా జాబ్ నంబరు, లింకు, మీరెందుకు సరిపోతారో మూడు వాక్యాలు, రెజ్యూమె కలిపి ఇస్తే వాళ్లు కాపీ చేసి పెట్టేస్తారు.

మీ కంపెనీకే కెనడాలో ఆఫీసు ఉంటే ముందు ఆ తలుపు తట్టండి. అమెజాన్, మైక్రోసాఫ్ట్, డెలాయిట్ లాంటివాటికి ఇక్కడా అక్కడా ఆఫీసులున్నాయి. లోపలి నుంచి బదిలీ అడగడం రాజీనామా ఇవ్వకముందే అయితేనే కుదురుతుంది.

దరఖాస్తులు, మోసాలు

ఆంటారియోలో 2026 జనవరి 1 నుంచి 25 మంది లేదా అంతకంటే ఎక్కువ ఉద్యోగులున్న సంస్థలు బహిరంగ ప్రకటనల్లో జీతం ఎంత నుంచి ఎంత వరకో చెప్పాలి (మరీ పెద్ద జీతాలకు మినహాయింపు ఉంది). "కెనడా అనుభవం తప్పనిసరి" అని రాయకూడదు. ఇంటర్వ్యూ చేసినవాళ్లకు చివరి ఇంటర్వ్యూ అయిన 45 రోజుల్లోగా ఫలితం చెప్పాలి. జీతం ఎంత కావాలని అడిగితే ప్రకటనలో ఉన్న అంకెల మధ్యలోంచే చెప్పండి, మన రూపాయల జీతాన్ని డాలర్లలోకి మార్చి చెప్తే నష్టపోతారు. 90 రోజుల నోటీసు అక్కడ అరుదు, రెండు వారాలే మామూలు. కాబట్టి చేరగల తేదీ ముందే తేల్చి ఉంచుకోండి.

ఉద్యోగం ఇప్పించడానికి డబ్బు అడిగితే అది మోసమే. పీఆర్‌కు పాయింట్లను బట్టి ఎంపిక చేసే ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో జాబ్ ఆఫర్‌కు ఇచ్చే పాయింట్లను 2025 మార్చి 25న తీసేశారు. పీఆర్ ఇంకా రాని చుట్టాలకు "50 పాయింట్ల కోసం ఆఫర్ లెటర్" అమ్మజూపితే ఈ తేదీ చెప్పండి. ఇమ్మిగ్రేషన్ కన్సల్టెంటు పేరు ఆ వృత్తి నియంత్రణ సంస్థ, సీఐసీసీ, ఆన్‌లైన్ రిజిస్టరులో ఉందో లేదో ఎవరైనా ఉచితంగా చూసుకోవచ్చు. దరఖాస్తు దశలో, లింక్డ్‌ఇన్ సందేశాల్లో సిన్ నంబరు (అక్కడ పనిచేయడానికి ప్రభుత్వం ఇచ్చే నంబరు) అడిగినా ఆగిపోండి. ఆ తొమ్మిది అంకెలు ఉద్యోగం ఖాయమయ్యాక, పేరోల్ కోసం ఇచ్చేవి.

దిగిన వారం

సిన్‌కు డబ్బు కట్టక్కర్లేదు, సర్వీస్ కెనడాలో తీసుకోండి. కొత్త ఫోను నంబరు రాగానే రెజ్యూమెలో +91 తీసేసి అది పెట్టండి. తర్వాత వాయిస్‌మెయిల్ పెట్టుకోండి. ఇక్కడ మనకు ఆ అలవాటు లేదు గానీ అక్కడి రిక్రూటర్లు ఫోన్ ఎత్తకపోతే మెసేజ్ వదులుతారు, పెట్టెలో చోటు లేకపోయినా, అసలు సెట్ చేయకపోయినా తర్వాతి పేరుకు వెళ్లిపోతారు. నెమ్మదిగా పేరు చెప్పి, తిరిగి చేస్తానని రెండు వాక్యాలు రికార్డు చేయండి. టొరంటోలో కొత్తగా వచ్చినవాళ్లకు ఆక్సెస్ ఎంప్లాయ్‌మెంట్ వంటి సంస్థలు ఉచితంగా శిక్షణ ఇస్తాయి. ట్రైఎక్ సంస్థ మెంటర్లతో కలిపే కార్యక్రమం నడుపుతుంది. మొదటి వారంలోనే పేరు నమోదు చేసుకోండి.

షీట్‌లో ఉన్న 20 మందిలో జవాబిచ్చినవాళ్లందరికీ ఒక్కో సందేశం పంపండి: వచ్చేశాను, ఇది కొత్త నంబరు, ఫలానా చోట ఉంటున్నాను, మీ ఆఫీసు దగ్గరికే వస్తాను, కాఫీకి కలుద్దామా అని. కాఫీ డబ్బులు మీరే ఇవ్వండి.