విండోస్ 10 వదిలి లైనక్స్‌కి వెళ్లే ముందు

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ ఆపేసింది. కంప్యూటర్ రోజూలాగే ఆన్ అవుతుంది, పనులూ జరుగుతాయి. కొత్తగా బయటపడే భద్రతా లోపాలకు మాత్రం ప్యాచ్‌లు రావు. పోనీ విండోస్ 11 వేద్దామంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్, సెక్యూర్ బూట్ (నమ్మకమైన సిస్టమ్‌నే మొదలవనిచ్చే ఏర్పాటు), ఇంటెల్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం ప్రాసెసర్ కావాలి. అందుకే 2016 ప్రాంతంలో కొన్న లాప్‌టాప్‌లు నిక్షేపంలా నడుస్తున్నా గేటు బయటే ఉండిపోయాయి. వాటిలో విండోస్ బదులు వాడుకునే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ లైనక్స్‌ని, అందులో మింట్ లాంటి రకాన్ని, వేసుకోవడం మంచి ఆలోచనే. నాలుగు జీబీ ర్యామ్ ఉన్నా నడుస్తుంది, పైసా ఖర్చు లేదు. వేయడానికి గంట కూడా పట్టదు. చాలామంది ఇబ్బంది పడేది ఆ మర్నాడు, ఏదో ఒక పని విండోస్ లేకపోతే జరగదని తెలిసినప్పుడు.

అయినా తొందరేం లేదు. ఈఎస్‌యూ (గడువు దాటాక కూడా భద్రతా అప్‌డేట్లు ఇచ్చే మైక్రోసాఫ్ట్ ఏర్పాటు) అనే పథకంలో చేరితే ఇంట్లో వాడే విండోస్ 10కి 2026 అక్టోబర్ 13 వరకు భద్రతా అప్‌డేట్లు వస్తాయి. విండోస్ 10లో చివరిదైన 22హెచ్2 వెర్షన్ ఉండి, మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయి, సెట్టింగ్స్‌ని బ్యాకప్‌లో పెట్టుకుంటే దానికి డబ్బు కట్టక్కర్లేదు. కాబట్టి మార్చి నెలాఖరు లెక్కల్లోనో, పిల్లల ఈఏపీసెట్ కౌన్సెలింగ్ నడుస్తున్నప్పుడో ఈ పని నెత్తిన వేసుకోకండి. ఆ గడువులోపు ఖాళీ రోజులు చూసుకోండి.

ఇక విండోస్ మీద ఆధారపడినవాటి లెక్క తీయాలి. లెక్కలు రాసే టాలీ ప్రైమ్ విండోస్‌ది. ఆదాయపు పన్ను శాఖ ఎక్సెల్ యుటిలిటీలు (రిటర్నులు నింపే ఫైళ్లు) మాక్రోలతో, అంటే ఎక్సెల్ లోపలి చిన్న ప్రోగ్రాములతో నడుస్తాయి, వాటికి అసలు ఎక్సెల్ ఉండాల్సిందే, లైనక్స్‌లో దాని బదులు వాడే లిబ్రెఆఫీస్‌ని నమ్ముకోవద్దు. డిజిటల్ సిగ్నేచర్ టోకెన్, ఆధార్ వేలిముద్ర పరికరం వాడుతుంటే లైనక్స్ డ్రైవర్ ఉందని అమ్మినవాళ్ల చేత చెప్పించుకోండి. కెమెరా పెట్టి రాయించే ఆన్‌లైన్ పరీక్షల సాఫ్ట్‌వేర్ చాలావరకు లైనక్స్‌ని ఒప్పుకోదు. ఉద్యోగ ప్రయత్నంలో ఉన్నవాళ్లు దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. వీటిలో ఏ ఒక్కటి మీ రోజువారీ పని అయినా విండోస్ ఉన్న మెషీన్ ఒకటి ఉంచుకోవాలి. నా లెక్కలో అకౌంట్స్ చేసే ఆఫీసు మెషీన్‌ని అసలు కదపకూడదు.

మనవాళ్లకు ప్రత్యేకంగా వచ్చే చిక్కు తెలుగు టైపింగ్. పెళ్లి పత్రికలు, కరపత్రాలు, చిన్న పత్రికలు చేసే డీటీపీ సెంటర్లలో ఇప్పటికీ తెలుగు కొట్టే అను స్క్రిప్ట్ మేనేజర్, పేజీలు దిద్దే పేజ్‌మేకర్ జంట కనిపిస్తుంది. రెండూ ఇక్కడ వాడేది విండోస్ మీదే. పైగా అను ఫాంట్లలో కొట్టిన మ్యాటర్ యూనికోడ్ (ఏ కంప్యూటర్‌లోనైనా తెలుగుగానే కనబడే ప్రామాణిక కోడ్) కాదు. ఫైల్ లోపల ఉండేవి ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తుల కోడ్‌లు, వాటికి తెలుగు రూపం ఇచ్చేది ఆ ఫాంటే. ఫాంట్ లేని చోట తెరిస్తే పిచ్చి గుర్తులు తప్ప ఏమీ కనబడదు. అందుకని విండోస్ ఉండగానే రెండు పనులు చేయాలి. పేజీ రూపం ముఖ్యమైన ఫైళ్లన్నీ పీడీఎఫ్ చేసి పెట్టుకోవాలి. మళ్లీ వాడాల్సిన మ్యాటర్‌ని కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చుకోవాలి. మార్చాక ఒకసారి ప్రూఫ్ చూడాలి, ఒత్తుల దగ్గర తప్పులు దొర్లుతుంటాయి.

లైనక్స్‌లో ఇన్‌స్క్రిప్ట్ అనే ప్రామాణిక తెలుగు కీబోర్డ్ లేఅవుట్ ఎలాగూ ఉంటుంది. భాషలు టైప్ చేయించే ఐబస్ ప్రోగ్రాముతో పాటు ఎం17ఎన్ ప్యాకేజీ ఎక్కించుకుంటే ఆర్‌టీఎస్, యాపిల్ లాంటి టైపింగ్ పద్ధతులూ వస్తాయి. మీ వేళ్లకు అలవాటైన మీటలే పడుతున్నాయో లేదో ఒక పేజీ మ్యాటర్ కొట్టి చూడండి. వర్డ్‌లో గౌతమి ఫాంట్‌తో చేసిన ఉత్తరాలు అక్కడ మరో ఫాంట్‌లో తెరుచుకుని పేజీలు జరిగిపోతాయి. మండలి, రామభద్ర, ఎన్‌టీఆర్ లాంటి ఉచిత ఫాంట్లు రెండు చోట్లా పనిచేస్తాయి, కొత్త ఫైళ్లు వాటిలో చేసుకుంటే ఈ గోల ఉండదు.

ప్రింటర్ సంగతి ముందే తేల్చుకోండి. మన జిరాక్స్ షాపుల్లో, చిన్న ఆఫీసుల్లో విరివిగా కనిపించే కేనన్ ఎల్‌బీపీ 2900 లైనక్స్‌లో బాగా ఏడిపిస్తుంది. హెచ్‌పీ ప్రింటర్లు చాలావరకు హాయిగా పనిచేస్తాయి, కొన్నిటికి అదనంగా ప్లగిన్ దించుకోవాలి.

ఇవన్నీ హార్డ్ డిస్క్‌ని ముట్టుకోకుండానే తెలుస్తాయి. లైనక్స్‌ని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, దాని నుంచే బూట్ చేసి, ఇన్‌స్టాల్ బటన్ జోలికి పోకుండా ఒక పూట వాడండి. వైఫై, సౌండ్, కెమెరా, బ్లూటూత్ చూడండి. మూత మూసి తెరిస్తే మెషీన్ లేస్తోందా అన్నది చాలామంది మరిచిపోయే పరీక్ష. వైఫై దొరక్కపోతే ఫోన్‌ని కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ పెట్టండి, నెట్ వచ్చాక కావాల్సిన డ్రైవర్ దించుకోవచ్చు.

బ్యాకప్ అంటే డెస్క్‌టాప్ మీద కనిపించేవి కాపీ చేయడంతో అయిపోదు. మైక్రోసాఫ్ట్ ఆన్‌లైన్ నిల్వ వన్‌డ్రైవ్ ఆన్‌లో ఉంటే ఫోల్డర్‌లో కనిపించే ఫైళ్లు కొన్ని మీ డిస్క్‌లో ఉండవు, పేరు ఇక్కడ, సరుకు క్లౌడ్‌లో. ఐకాన్ పక్కన మేఘం గుర్తు ఉన్నవాటిని ముందు కిందికి దించుకోవాలి. మెయిళ్లు దాచుకునే ఔట్‌లుక్ పీఎస్‌టీ ఫైళ్లు, బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డ్‌లు, టాలీ డేటా ఫోల్డర్ విడిగా తీయాలి. టాలీని వేరే మెషీన్‌కి మారుస్తుంటే ఫార్మాట్ చేయకముందే లైసెన్స్ సరెండర్ చేయండి. డిస్క్‌కి తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉందేమో చూసి, 48 అంకెల రికవరీ కీని కాగితం మీద రాసుకోండి. బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ అవగానే వచ్చే మూల సెట్టింగ్స్‌లో) సెక్యూర్ బూట్ మార్చగానే అది ఆ కీ అడగొచ్చు. కీ లేకపోతే డేటా మీద ఆశ వదులుకోవాల్సిందే.

కాస్త ఖర్చు పెట్టగలిగితే వీటన్నిటికన్నా గట్టి ఉపాయం ఉంది. ఇంకో ఎస్‌ఎస్‌డీ కొని, పాత డిస్క్‌ని విండోస్‌తో సహా బయటకు తీసి భద్రంగా పెట్టి, కొత్తదానిలో లైనక్స్ వేయడం. నచ్చకపోతే పాతది మళ్లీ బిగిస్తే సరి. ఒకే డిస్క్‌లో పని కానిచ్చేవాళ్లు మాత్రం విండోస్ ఇన్‌స్టాల్ పెన్‌డ్రైవ్ ఒకటి ముందే చేసి పెట్టుకోవాలి. మొత్తం డిస్క్ చెరిపేయమన్నప్పుడు విండోస్‌ని తిరిగి తెచ్చుకునేందుకు కంపెనీవాళ్లు డిస్క్‌లో విడిగా ఇచ్చిన భాగం, అంటే రికవరీ పార్టిషన్ కూడా పోతుంది.

వేరే దారుల సంగతీ చెప్పాలి. రూఫస్ అనే ఉచిత ప్రోగ్రాముతో విండోస్ 11 పెట్టే షరతుల అడ్డు తప్పించి పాత మెషీన్‌లో విండోస్ 11 వేయొచ్చు. అలాంటివాటికి అప్‌డేట్లు వస్తాయన్న హామీ మైక్రోసాఫ్ట్ ఇవ్వదు. గూగుల్ ఇచ్చే క్రోమ్‌ఓఎస్ ఫ్లెక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ బ్రౌజర్‌తోనే పని అయిపోయేవాళ్లకు చాలు, ఆండ్రాయిడ్ యాప్‌లు మాత్రం అందులో నడవవు. మ్యాక్ అంటే కొత్త మెషీన్ కొనడమే. విండోస్ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్ ఫార్మాట్‌లో ఉన్న మీ పాత హార్డ్ డిస్క్‌ను అది చదువుతుంది, రాయదు.

విండోస్, లైనక్స్ రెండూ పక్కపక్కనే ఉంచుకునేవాళ్లు విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆపేయాలి. లేకపోతే విండోస్ సగం నిద్రలోనే ఉండి, లైనక్స్ నుంచి ఆ డ్రైవ్‌లో ఏమీ రాయనివ్వదు. పార్టిషన్‌ని విండోస్ డిస్క్ మేనేజ్‌మెంట్‌లోనే తగ్గించండి, ఆ సేపు చార్జర్ పెట్టే ఉంచండి, కరెంటు పోయే వేళల్లో డెస్క్‌టాప్‌కి యూపీఎస్ లేకుండా మొదలుపెట్టకండి. అటూ ఇటూ మారాక విండోస్ గడియారం అయిదున్నర గంటలు తేడా చూపిస్తే కంగారు పడొద్దు. లైనక్స్ మదర్‌బోర్డు గడియారంలో యూటీసీ (మనకన్నా అయిదున్నర గంటలు వెనక ఉండే ప్రపంచ ప్రామాణిక సమయం) రాస్తుంది, విండోస్ దాన్నే మన టైము అనుకుంటుంది. లైనక్స్‌లో లోకల్ టైమ్ వాడమని ఒకసారి సెట్ చేస్తే చాలు.