మొక్కు ముందు, మాడ్లు తర్వాత: నేను స్కైరిమ్ ఆడే పద్ధతి

అలిపిరి నుంచి కొండకు 3,550 మెట్లు. బస్సులున్నాయి, జీపులున్నాయి. అయినా మొక్కుకున్నవాళ్ళు నడిచే వెళ్తారు. మెట్టుమెట్టుకూ పసుపు రాసి కుంకుమ పెడుతూ ఎక్కే ఆడవాళ్ళను చూస్తూ పెరిగాను నేను. అందుకే ఆటలో నాకు నేను పెట్టుకునే నియమాన్ని మొక్కు అనే అంటాను.

మా ఇల్లు తిరుపతి కొర్లగుంటలో. పగలంతా మగ్గం వర్క్, పెళ్ళిళ్ళ సీజన్ అయితే రాత్రి కూడా. తమ్ముడు ఉద్యోగానికి చెన్నై వెళ్తూ తన కంప్యూటర్ నాకిచ్చాడు. 8 జీబీ ర్యామ్, 4 జీబీ గ్రాఫిక్స్ కార్డు. అప్పటినుంచి దాని మీద స్కైరిమ్ స్పెషల్ ఎడిషన్ అనే కత్తులూ మంత్రాలూ ఉన్న ఆట ఒక్కటే ఆడుతున్నాను. ఆడి విసుగొచ్చి ఆపేసినవాళ్ళు నన్ను అడిగేది ఒకటే: ఏ మాడ్లు వేసుకోవాలి అక్కా? మాడ్లంటే ఆటను మార్చడానికి ఆడేవాళ్ళే తయారుచేసి పంచుకునే చేర్పులు. వాటి సంగతి ఆఖరున అడగాల్సిన ప్రశ్న. ముందు మొక్కు, దాన్నిబట్టి స్కిల్స్, ఆ రెండింటికీ సాయంగా మాడ్లు. రెండు వందల మాడ్లు దించుకుని ఆట తెరవని వాళ్ళు నాకు చాలామంది తెలుసు.

మొక్కు ఎంచుకోవడానికి ఓ పని చేయండి. ఒక గంట మామూలుగా ఆడి, దేనిమీద ఎక్కువ ఆధారపడుతున్నారో చూసుకోండి. చాలామందికి అది మ్యాప్ మీద నొక్కి దూకేయడం. దాన్ని మూసేయండి. గుర్రబ్బండి మాత్రం ఉండనివ్వండి. పెద్ద ఊళ్ళకు 20 నాణేలు, చిన్న ఊళ్ళకు 50. డబ్బులిచ్చి ఎక్కితే అదీ ప్రయాణమే.

మంచి మొక్కు మిమ్మల్ని కొత్త పనిలోకి దింపాలి. 'విల్లు పట్టను' అనుకుంటే కత్తి పడతారు, అంతకుమించి ఏమీ మారదు. అదే 'కొన్న ఆయుధం పట్టను, నేను చేసుకున్నదే వాడతాను' అనుకున్నారనుకోండి, గని వెతకాలి, ఖనిజం కరిగించాలి, పిడికి తోలు కోసం వేటాడాలి. ఒక్క ఇనుప బాకు వెనక ఒక పూట పని ఉంటుంది. నియమాన్ని రెండు లైన్లలో కాగితం మీద రాసి కంప్యూటర్ పక్కన అంటించుకోండి. మినహాయింపులు కూడా ముందే రాయండి, లేకపోతే కష్టం వచ్చినప్పుడల్లా ఒకటి పుడుతుంది. చస్తే ఆ పాత్ర అక్కడితో అంతం అనే మొక్కు మాత్రం మొదటిసారే వద్దు. శత్రువుల దెబ్బ ఎంతో తెలియకుండా పెట్టుకుంటే మూడో రోజుకే మనసు విరిగిపోతుంది.

కష్టం కావాలంటే డిఫికల్టీ పెంచుకుంటే పోదా అంటారు. అన్నిటికంటే కష్టమైన లెజెండరీ స్థాయిలో మీ దెబ్బ పావు వంతవుతుంది, మీకు తగిలేది మూడు రెట్లవుతుంది. అంటే అదే శత్రువును నాలుగింతలు ఎక్కువసేపు నరకాలి. నేను మామూలు స్థాయి అయిన అడెప్ట్‌లోనే ఉంచి మొక్కు గట్టిగా పెట్టుకుంటాను.

నడక మొక్కు ఏమిస్తుందో కొండ మీది మఠం హై హ్రోత్‌గార్ దారిలో తెలుస్తుంది. ఐవర్‌స్టెడ్ అనే పల్లె నుంచి పైకి ఏడువేల మెట్లని పేరు. లెక్కపెడితే అన్ని లేవు గానీ, తిరుపతివాళ్ళం కదా, ఆ మాట వినగానే నాకు కాళ్ళు ఆగలేదు. కింద క్లిమెక్ అనే అతను పైనున్న సాధువులకు సరుకులు చేరవేస్తుంటాడు. అడిగితే ఆ సంచి మీకిస్తాడు. దారి పొడవునా పది శిలాఫలకాలుంటాయి. ఒక్కటీ వదలకుండా పదీ చదివితే ఆటలో ఒక రోజుపాటు జంతువులేవీ మీ మీదికి రావు, మిమ్మల్ని చూసి పారిపోవు. నేను చదివి దిగి వస్తుంటే ఒక జింక చెయ్యి చాస్తే అందేంత దగ్గర నిలబడి ఉంది. విల్లు భుజానికి తగిలించుకుని చాలాసేపు దాన్ని చూస్తూ ఉండిపోయాను.

ఆ దారిలోనే మంచు ట్రోల్ అనే రాక్షసి మృగం ఉంటుంది, జాగ్రత్త. నేను ఏడో లెవెల్‌లో, సొంతంగా చేసుకున్న ఇనుప కత్తితో వెళ్ళాను. రెండు దెబ్బలకే ప్రాణం మీదికొచ్చింది. దాని గాయాలు వాటంతటవే మానిపోతాయి కాబట్టి ఆగి ఆగి కొడితే లాభం లేదు. కానీ దానికి నిప్పు పడదు. ఫ్లేమ్స్ మంత్రం మొదటినుంచీ అందరికీ వస్తుంది, దాన్ని మనం మరిచిపోతాం. బండ వెనక్కి జరిగి, మ్యాజికా (మంత్రశక్తి) నిండేదాకా తప్పించుకుని, మళ్ళీ ముందుకొచ్చి కాల్చాను. అది పడిపోయేసరికి డిస్ట్రక్షన్ (దాడి మంత్రాల) స్కిల్ కూడా పెరిగింది.

స్కైరిమ్‌లో స్కిల్స్ సంగతి ఇదే, వాడింది పెరుగుతుంది. ఆరీ సూది పట్టిన కొత్తలో నా చైన్ కుట్టు వంకరగా పోయేది, వేసి వేసి తిన్నగా అయింది. ఇక్కడా అంతే. మొత్తం 18 స్కిల్స్, మామూలుగా 15 దగ్గర మొదలై 100 దాకా వెళ్తాయి. ఒక స్కిల్ 19 నుంచి 20కి చేరితే మీ లెవెల్ ఖాతాలో 20 పాయింట్లు పడతాయి. ఒకటో లెవెల్ దాటడానికి 100 పాయింట్లు చాలు, పదో లెవెల్ దాటడానికి 325 కావాలి.

మొదటి పాత్రతో నేను చేసిన తప్పు ఇక్కడే ఉంది. వైట్‌రన్ అనే ఊళ్ళో కొలిమి దగ్గర కూర్చుని స్మితింగ్ (కమ్మరిపని), పక్కనే ఆల్కెమీ (మందుల తయారీ), ఎన్‌చాంటింగ్ (వస్తువులకు మంత్రం ఎక్కించడం) పెంచుకుంటూ పోయాను. లెవెల్ ముప్పై దాటింది, కత్తి తిప్పడం మాత్రం ఇరవైలోనే ఉంది. శత్రువులు మీ లెవెల్‌ను చూసి వస్తారు, మీరు దేనివల్ల పెరిగారో చూడరు. ఒక సమాధిలోకి దిగితే మొదటి గదిలోనే పోయాను. కాబట్టి చేతిపని ఒకటి పెరిగినప్పుడల్లా పోరాటం కూడా ఒకటి పెరగాలి. కొట్టేది ఒకటి, కాచుకునేది ఒకటి, చేతిపని ఒకటి, ఈ మూడు స్కిల్స్ ఎంచుకోండి. నాలుగోది దారిలో దానంతటదే వస్తుంది.

పెర్క్‌లు, అంటే స్కిల్‌కు తోడు ఎంచుకునే ప్రత్యేక శక్తులు, లెవెల్‌కు ఒకటే. ఆటలో 251 ఉన్నాయి, స్కిల్స్ అన్నీ ఒక్కసారి నూరు చేసినా మీకొచ్చేవి 80. ఆ తర్వాత నూరు చేరిన స్కిల్‌ను 'లెజెండరీ' చేసి (ఇది డిఫికల్టీ స్థాయి కాదు) 15కి దించి మళ్ళీ పెంచుకోవచ్చు, పెర్క్‌లూ తిరిగొస్తాయి. అది చాలా దూరం. కమ్మరి మొక్కు పెట్టుకున్నవాళ్ళు స్మితింగ్ 60లో ఆర్కేన్ బ్లాక్‌స్మిత్ తీసుకోకుండా ఉండకండి. అది లేకపోతే మంత్రమున్న ఆయుధానికి పదును పెట్టుకోలేరు.

పెంచే దారులు కొన్ని చెప్తాను. హెల్గెన్ నుంచి రివర్‌వుడ్ వెళ్ళే దారిలో మూడు గార్డియన్ రాళ్ళుంటాయి. వారియర్ రాయి తాకితే పోరాట స్కిల్స్ 20 శాతం త్వరగా పెరుగుతాయి, స్మితింగ్ కూడా అందులోదే. వైట్‌రన్ దగ్గర హాల్టెడ్ స్ట్రీమ్ క్యాంప్‌లో ట్రాన్స్‌మ్యూట్ అనే మంత్రం నేర్పే పుస్తకం దొరుకుతుంది. దాంతో ఇనుప ఖనిజం వెండి అవుతుంది, వెండి బంగారం అవుతుంది. వస్తువు విలువ పెరిగేకొద్దీ స్మితింగ్ ఎక్కువ వస్తుంది కాబట్టి వందల బాకులు చేయడం కంటే బంగారు ఉంగరాలు మేలు. మంత్రం వేసిన ప్రతిసారీ ఆల్టరేషన్ (పదార్థాన్ని మార్చే మంత్రాల స్కిల్) కూడా పెరుగుతుంది. గురువుల దగ్గర డబ్బిచ్చి నేర్చుకోవడం లెవెల్‌కు ఐదుసార్లే.

ఇప్పుడు మాడ్లు. ముందు ఆట కంపెనీయే ఇచ్చే సర్వైవల్ మోడ్ చూడండి. 2021 నవంబర్ నుంచి స్పెషల్ ఎడిషన్ ఉన్నవాళ్ళకు ఉచితం. ఆకలి, నిద్ర, చలి వస్తాయి, మ్యాప్ మీద దూకడం పోతుంది, నిద్రపోతేనే లెవెల్ పెరుగుతుంది. నడక మొక్కుకు ఇది చాలు. కొండెక్కేటప్పుడు వేడి సూప్, చేతిలో కాగడా ఉంచుకోండి, కాగడా కూడా చలి ఆపుతుంది.

ఇంకా కావాలంటే మాడ్లను సర్దిపెట్టే ప్రోగ్రామ్ మాడ్ ఆర్గనైజర్ 2 పెట్టుకోండి. ఆటను ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్‌లో ఉంచకండి. ఆర్గనైజర్ మాడ్లను ఆట ఫోల్డర్‌లో కలపకుండా విడిగా ఉంచుతుంది కాబట్టి ఏదైనా తేడా వస్తే టిక్ తీసేస్తే సరిపోతుంది. తర్వాత ఎస్‌కేఎస్ఈ, చాలా మాడ్లు పనిచేయడానికి అవసరమైన ప్రోగ్రామ్. మీ ఆట వెర్షన్ ఏదో చూసుకుని దానికి సరిపోయేదే దించుకోండి. ఆట కొనే స్టీమ్ యాప్‌లో ఆట తెరిచినప్పుడే అప్‌డేట్ అయ్యేలా మార్చి, ఆపైన ఎప్పుడూ ఎస్‌కేఎస్ఈ ద్వారానే తెరవండి. అప్పుడు మెనూలు బాగుచేసే స్కైయూఐ, ఆటలో తప్పులు సరిదిద్దే అన్‌అఫీషియల్ ప్యాచ్. ఒక్కో మాడ్ వేసి, ఆట తెరిచి, పది నిమిషాలు తిరిగి, ఆ తర్వాతే ఇంకోటి. మా పనిలో కూడా ఒక పువ్వు కుట్టాక బట్ట తిప్పి వెనక వైపు చూస్తాం, ముడి సరిగా పడకపోతే అక్కడే విప్పుతాం. జాకెట్ మొత్తం అయ్యాక చూస్తే ఏ ముడి వదులో దొరకదు.

పెర్క్‌లన్నీ మార్చాలంటే ఆర్డినేటర్ అనే మాడ్ ఉంది, 400 పైగా పెర్క్‌లు. కొత్త ఆటలోనే వేసుకోండి. ఎక్స్‌పీరియన్స్ అనే మాడ్ లెవెల్‌ను స్కిల్స్ నుంచి విడదీసి క్వెస్టులకు (ఆటలో ఇచ్చే పనులకు), తిరగడానికి ముడిపెడుతుంది. నేను కొలిమి దగ్గర చేసిన తప్పు దాంతో జరగదు. అయినా నేను వేసుకోను. వాడింది పెరగడమే ఈ ఆటలో నాకు అన్నిటికంటే ఇష్టం. టెక్స్‌చర్లు (వస్తువుల పై బొమ్మలు) మార్చే మాడ్లయితే 4 జీబీ కార్డుకు 2కే సైజు దాటించకండి.

సగం ఆటలో మాడ్ తీసేయకండి. నేను 90 గంటలు ఆడిన పాత్ర అలాగే పోయింది. ఒక మాడ్ నచ్చలేదని తీసేశాను. దాని స్క్రిప్టులు సేవ్‌లోనే ఉండిపోయాయి. వారం బాగానే నడిచింది, తర్వాత ఏ సేవ్ తెరిచినా డెస్క్‌టాప్‌కు వచ్చిపడేది. మళ్ళీ వేసినా కోలుకోలేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఇప్పుడు వారానికోసారి డాక్యుమెంట్స్‌లో మై గేమ్స్ లోపలున్న సేవ్స్ ఫోల్డర్‌ను పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకుంటాను. మా వీధిలో కరెంటు చెప్పకుండా పోతుంది కాబట్టి యూపీఎస్ కూడా కొన్నాను.

సంక్రాంతికి తమ్ముడొచ్చినప్పుడు నా నియమాల కాగితం చదివి, తన పాత్ర మొదలుపెట్టాడు. రాత్రి ఒంటిగంటకు వైట్‌రన్ గుర్రాలశాల ముందు ఆగి, వెనక్కి తిరిగి అడిగాడు: "అక్కా, బండెక్కొచ్చా?"

"20 నాణేలుంటే ఎక్కు" అన్నాను. వాడి దగ్గర పదహారే ఉన్నాయి. నడిచాడు.