ఊగే సిలిండర్ ఆవిరి ఇంజను: ఇంటి వర్క్‌షాపులో తయారుచేసే పద్ధతి

మొదటి ఆవిరి ఇంజనుకే స్లైడ్ వాల్వు (జరుగుతూ ఆవిరి దారులను తెరిచి మూసే పలక), ఎక్సెంట్రిక్ (దాన్ని నడిపే, కేంద్రం తప్పిన చక్రం) ఉన్న నమూనా ఎంచుకుంటే సగంలో ఆగిపోయే అవకాశమే ఎక్కువ. ఊగే సిలిండర్‌తో మొదలుపెట్టండి. ఇందులో విడిగా వాల్వంటూ ఉండదు. సిలిండర్ ఒక పివట్ (ఇరుసు పిన్ను) మీద అటూ ఇటూ ఊగుతుంది. ఒకవైపు ఒరిగినప్పుడు దాని పక్కనున్న పోర్టు (ఆవిరి పోయే రంధ్రం) ఫ్రేములో ఆవిరి వచ్చే పోర్టుకు ఎదురుపడుతుంది, రెండోవైపు ఒరిగినప్పుడు ఆవిరిని బయటికి వదిలే పోర్టుకు. ఇది బొమ్మల పద్ధతని తీసిపారేయకండి. 1858లో నీట దిగిన గ్రేట్ ఈస్టర్న్ ఓడ తెడ్డు చక్రాలను తిప్పినవి ఊగే సిలిండర్లే.

భాగాలు తక్కువే గానీ రెండుచోట్ల రాజీ పనికిరాదు: సిలిండర్, ఫ్రేము ఒకదాన్నొకటి రాసుకునే ముఖాలు, పోర్టుల స్థానం. ఫ్లైవీల్ కాస్త వంకరగా తిరిగినా ఇంజను నడుస్తుంది. పోర్టు అర మిల్లీమీటరు పక్కకు పోతే నడవదు.

కొలతలు

ఇక్కడ చెప్పేది సింగిల్ యాక్టింగ్ ఇంజను, అంటే ఆవిరి పిస్టన్‌ను ఒకవైపు నుంచే నెట్టేది. బోర్ (సిలిండర్ లోపలి వ్యాసం) 10 మి.మీ., స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) 16 మి.మీ. అంటే క్రాంక్ పిన్ (పిస్టన్ రాడ్డు తగులుకునే పిన్ను) షాఫ్టు కేంద్రం నుంచి 8 మి.మీ. దూరంలో ఉంటుంది. షాఫ్టు కేంద్రం నుంచి పివట్‌కు 48 మి.మీ., పివట్ నుంచి పైన సిలిండర్ పోర్టుకు 12 మి.మీ.

ఈ మూడు అంకెలే పోర్టుల స్థానాన్ని నిర్ణయిస్తాయి. 12ను 8తో గుణించి 48తో భాగిస్తే 2 వస్తుంది. సిలిండర్ పూర్తిగా ఒరిగినప్పుడు దాని పోర్టు మధ్యగీత నుంచి 2 మి.మీ. పక్కకు జరుగుతుందన్నమాట. కాబట్టి ఫ్రేములో రెండు పోర్టులు మధ్యగీతకు చెరోవైపు 2 మి.మీ. దూరంలో ఉండాలి. పోర్టు వ్యాసం ఎప్పుడూ ఈ దూరాన్ని మించకూడదు. మించితే సిలిండర్ నిటారుగా ఉన్న క్షణంలో దాని పోర్టు రెండింటినీ ఒకేసారి తెరుస్తుంది, ఆవిరి పిస్టన్‌ను నెట్టకుండానే బయటికి పోతుంది. 1.8 మి.మీ. డ్రిల్లు వాడితే చెరోవైపు 0.2 మి.మీ. మూత మిగులుతుంది. వేరే సైజులో చేయాలనుకున్నా ముందు ఈ లెక్క వేసుకోండి.

కావలసినవి

సిలిండర్‌కు 16 × 20 మి.మీ. ఇత్తడి బార్, 33 మి.మీ. పొడవు. ఫ్రేముకు 8 మి.మీ. మందం ఇత్తడి పలక, 30 × 96 మి.మీ. షాఫ్టుకు 6 మి.మీ. సిల్వర్ స్టీల్ (కచ్చితమైన వ్యాసంలో నున్నగా వచ్చే ఉక్కు) కడ్డీ, పివట్‌కు 4 మి.మీ., క్రాంక్ పిన్నుకు 3 మి.మీ. బేరింగుకు 10 మి.మీ. బయటి వ్యాసం, 20 మి.మీ. పొడవున్న కంచు బుష్. క్రాంక్ డిస్కుకు 24 మి.మీ. ఉక్కు రౌండు, 6 మి.మీ. మందం. ఫ్లైవీల్‌కు 50 మి.మీ. ఇత్తడి లేదా పోత ఇనుము, 12 మి.మీ. మందం. పిస్టన్‌కు గన్‌మెటల్ (ఒక రకం కంచు) గానీ పోత ఇనుము గానీ. పనిముట్లలో చిన్న లేత్, ఫోర్ జా చక్ (నాలుగు దవడలు విడివిడిగా కదిలే పట్టు), డ్రిల్ ప్రెస్, 10, 6, 4 మి.మీ. రీమర్లు (రంధ్రాన్ని కచ్చితమైన వ్యాసానికి నునుపు చేసేవి), ఎం2, ఎం3, ఎం4 ట్యాపులు (రంధ్రంలో మర కోసేవి), డిజిటల్ క్యాలిపర్ తప్పనిసరి.

సిలిండర్

బార్ చివరలు చదును చేసి బోర్ కేంద్రం గుర్తించండి. పోర్టు ముఖం నుంచి అది 11 మి.మీ., పక్క ముఖాల నుంచి 8 మి.మీ. దూరంలో ఉండాలి. అంటే బోర్‌కూ పోర్టు ముఖానికీ మధ్య 6 మి.మీ. లోహం మిగులుతుంది. పివట్ మర పట్టేది అందులోనే, కాబట్టి దాన్ని తగ్గించకండి. ఫోర్ జా చక్‌లో బిగించి, సెంటర్ డ్రిల్లు తర్వాత 5, 8, 9.7 మి.మీ. డ్రిల్లులు వరసగా దింపి, చివర 10 మి.మీ. రీమర్‌తో నెమ్మదిగా ఒకేసారి దాటించండి. రీమర్‌ను వెనక్కి తిప్పొద్దు, గోడల మీద గీతలు పడతాయి.

బోర్ పోర్టు ముఖానికి సమాంతరంగా ఉందో లేదో ఇప్పుడే చూడాలి. 10 మి.మీ. కడ్డీని బోర్‌లో దూర్చి, బ్లాకును పోర్టు ముఖం కిందికి ఉండేలా గాజుపలక మీద పెట్టండి. రెండు చివర్లా కడ్డీ పై అంచు ఎత్తు 16 మి.మీ. రావాలి. తేడా 0.03 మి.మీ. దాటితే ఎత్తుగా ఉన్నవైపు ముఖాన్ని ఆకురాయితో తీసి మళ్లీ కొలవండి. ఈ పరీక్ష మానేసినవాళ్ల ఇంజన్లే బిగిస్తే తిరగవు, వదులు చేస్తే ఆవిరి కారుస్తాయి.

పోర్టు ముఖం మధ్యగీత మీద పై అంచు నుంచి 4 మి.మీ. దగ్గర పోర్టు, 16 మి.మీ. దగ్గర పివట్. రెండింటినీ ఒకే బిగింపులో, బ్లాకును కదపకుండా డ్రిల్ చేయండి. పోర్టు 1.8 మి.మీ., బోర్ దాకా. సన్నని డ్రిల్లు పక్కకు వంగుతుంది కాబట్టి మిల్లీమీటరుకోసారి పైకెత్తి చిప్పులు తీసేయండి. పివట్ రంధ్రం 3.3 మి.మీ. డ్రిల్లుతో, మొనతో కలిపి 4.5 మి.మీ. లోతు. ఆపైన పోతే బోర్‌లోకి చిల్లి పడే ప్రమాదముంది. తర్వాత ఎం4 బాటమింగ్ ట్యాప్ (రంధ్రం అడుగుదాకా మర కోసేది).

పై మూత 3 మి.మీ. ఇత్తడి పలక. దాని కింద బోర్‌లోకి 3 మి.మీ. దిగే గుండ్రటి మెట్టు ఉండాలి. నాలుగు మూలలా ఎం2 స్క్రూలు, మధ్యలో నూనె తడిపిన సన్నని కాగితపు గ్యాస్కెట్. మెట్టు అంతకంటే పొడవైతే పోర్టును మూసేస్తుంది.

పిస్టన్

పొడవు 10 మి.మీ., వ్యాసం 9.98 మి.మీ. చుట్టూ అర మిల్లీమీటరు లోతున రెండు గాళ్లు. రింగులు అక్కర్లేదు, గాళ్లలో నిలిచే నూనె చాలు. పోర్టును వేలితో మూసి పిస్టన్‌ను కిందికి లాగి వదిలితే దానంతటది వెనక్కి పోవాలి. పోర్టు తెరిస్తే సొంత బరువుకే జారాలి.

నున్నగా జారుతుందని టెఫ్లాన్ పిస్టన్ పెట్టాలనిపించవచ్చు. వేడికి టెఫ్లాన్ ఇత్తడి కంటే చాలా ఎక్కువ వ్యాకోచిస్తుంది. వంద డిగ్రీలు పెరిగితే 10 మి.మీ. పిస్టన్ సుమారు పదో వంతు మిల్లీమీటరు లావవుతుంది. గాలితో చక్కగా తిరిగిన ఇంజను ఆవిరి తగలగానే బిగుసుకుపోవడానికి ఇదో కారణం. ఇత్తడిలో ఇత్తడి పిస్టన్ కూడా వద్దు, ఒకదాన్నొకటి గీరుకుంటాయి.

3 మి.మీ. రాడ్డును పిస్టన్‌లోకీ, కింద 6 మి.మీ. మందం ఇత్తడి బిగ్ ఎండ్ (క్రాంక్ పిన్నుకు తగిలే ముక్క)లోకీ ఎం3 మరతో బిగించండి. క్రాంక్ పిన్ కేంద్రం నుంచి పిస్టన్ పై ముఖానికి 50.5 మి.మీ. ఉండాలి. అప్పుడు పిస్టన్ పైకొచ్చినప్పుడు పోర్టు కింది అంచుకు 0.6 మి.మీ. దిగువన ఆగుతుంది. రాడ్డు పొట్టిదైతే ప్రతి చుట్టుకూ ఆవిరి వృథా. పొడుగైతే స్ట్రోకు మొదట్లోనే పిస్టన్ పోర్టుకు అడ్డుపడుతుంది.

ఫ్రేము, పోర్టుల జిగ్గు

ఫ్రేము నిలువు మధ్యగీత మీద అడుగు నుంచి 28 మి.మీ. ఎత్తున షాఫ్టు రంధ్రం, 76 మి.మీ. ఎత్తున పివట్ రంధ్రం. ఇవి కూడా ఒకే బిగింపులో. షాఫ్టుది 10 మి.మీ.కి రీమ్ చేసి, బుష్‌ను సిలిండర్ ఉండే వైపు ముఖంతో సమంగా నొక్కండి, మిగతా పొడవు వెనక్కి పొడుచుకొస్తుంది. పివట్‌ది 4 మి.మీ.కి రీమ్ చేయండి.

పోర్టులను కొలిచి గుర్తు పెట్టి డ్రిల్ చేయడం కంటే జిగ్గు (డ్రిల్లుకు చోటు చూపే పట్టీ) నమ్మకమైన దారి. 10 మి.మీ. వెడల్పు, 3 మి.మీ. మందం, 80 మి.మీ. పొడవున్న ఉక్కు పట్టీ తీసుకోండి. మధ్యగీత మీద ఒక చివరకు దగ్గరగా 1.8 మి.మీ. రంధ్రం, దానికి 12 మి.మీ. దూరంలో 4 మి.మీ. రంధ్రం వేయండి. బుష్‌లో 6 మి.మీ. షాఫ్టు ముక్క, పివట్ రంధ్రంలో 4 మి.మీ. పిన్ను పెట్టి, పట్టీని పిన్నుకు తగిలించి, దాని అంచు షాఫ్టును తాకేదాకా జరిపి క్లాంపు వేయండి. పట్టీ సగం వెడల్పు 5, షాఫ్టు సగం 3, కలిపితే 8. అంటే క్రాంక్ పూర్తిగా పక్కకు తిరిగినప్పుడు సిలిండర్ ఒరిగే కోణం ఉన్నదున్నట్టు వచ్చేసింది. పై రంధ్రంలోంచి ఫ్రేములోకి 5 మి.మీ. లోతు డ్రిల్ చేయండి. రెండో పోర్టుకు పట్టీని బోర్లించి, మొదట తాకిన అంచే షాఫ్టు అవతలివైపు తాకేలా పెట్టండి. రంధ్రాలు పట్టీ నడిమధ్య నుంచి కొంచెం తప్పినా రెండు పోర్టులూ సమదూరంలోనే పడతాయి.

ఫ్రేము పక్క అంచుల నుంచి, మందానికి మధ్యలో, అడుగు నుంచి 87.8 మి.మీ. ఎత్తున 2.5 మి.మీ. రంధ్రాలు వేసి పోర్టులతో కలపండి. లోతు 13.5 మి.మీ. దాటనివ్వకండి. మరీ లోతుకు పోతే రెండు దారులూ లోపలే కలిసిపోతాయి, ఆ ఫ్రేము ఇక పనికిరాదు. మొదటి 6 మి.మీ. మేర 4 మి.మీ.కి పెంచి రాగి గొట్టాలు టంకం పెట్టండి. ఆ తర్వాత 1.8 డ్రిల్లును చేత్తో పోర్టుల్లో తిప్పి లోపలి బర్రు (అంచున లేచిన లోహపు ముళ్లు) తీసేయండి.

పివట్ చుట్టూ ఫ్రేము ముఖాన 12 మి.మీ. వ్యాసంలో 0.3 మి.మీ. లోతు పల్లం తీయండి. ముఖాల ఒత్తిడి పోర్టుల చుట్టూ పడడానికి, నూనె నిలవడానికి అది పనికొస్తుంది.

ముఖాలు చదును చేయడం

గాజుపలక మీద వాటర్ పేపర్ పరిచి, నీళ్లు చల్లి, 400, 800, 1200 వరసలో రెండు ముఖాలనూ విడివిడిగా ఎనిమిది అంకె ఆకారంలో రుద్దండి. పివట్ బిగించేది దీని తర్వాతే. రెండు ముఖాలనూ గ్రైండింగ్ పేస్టుతో కలిపి రుద్దడం ఇత్తడికి మంచిది కాదు. మెత్తటి లోహంలో రవ్వలు దిగబడి, ఇంజను తిరిగినంతకాలం అరుగుదల సాగుతూనే ఉంటుంది. ఒక ముఖానికి మార్కింగ్ బ్లూ (ముఖాలు ఎక్కడ తాకుతున్నాయో చూపే నీలి రంగు) పలచగా రాసి రెండోదానికి అద్దితే పోర్టుల చుట్టూ ఎడం లేకుండా రంగు అంటాలి.

కూర్పు

పివట్ 30 మి.మీ. పొడవు. ఒక చివర 3.5 మి.మీ., రెండో చివర 15 మి.మీ. మాత్రమే ఎం4 మర, ఫ్రేములో తిరిగే భాగం నున్నగా ఉండాలి. పొట్టి మరను లాకింగ్ ద్రవంతో సిలిండర్‌లో బిగించి పూర్తిగా గట్టిపడనివ్వండి. ఫ్రేము వెనక వాషర్, స్ప్రింగు, రెండు నట్లు.

షాఫ్టు మీద ముందు 1 మి.మీ. వాషర్, తర్వాత క్రాంక్ డిస్కు, క్రాంక్ పిన్ను మీద మరో 1 మి.మీ. వాషర్, ఆపైన బిగ్ ఎండ్. ఒకటి, ఆరు, ఒకటి, బిగ్ ఎండ్‌లో సగం మూడు: మొత్తం 11, సరిగ్గా బోర్ కేంద్రం ఉన్నచోటు. ఈ వరస తప్పితే రాడ్డు ఏటవాలుగా లాగి సిలిండర్‌ను ముఖం మీంచి ఎత్తేస్తుంది.

గాలితో పరీక్ష

ముఖాలకు, పిస్టన్‌కు పలచని మెషిన్ ఆయిల్ వేసి ఒక బార్ (పీడనం కొలత, దాదాపు వాతావరణ పీడనమంత) గాలి ఇవ్వండి. ఇది తనంతట మొదలయ్యే ఇంజను కాదు, ఫ్లైవీల్‌ను వేలితో తిప్పాలి. సిలిండర్ వైపు నుంచి చూస్తూ ఎడమ పోర్టుకు గాలి ఇస్తే గడియారం దిశలో, కుడివైపు ఇస్తే ఎదురు దిశలో తిరుగుతుంది. ముఖాల మధ్య బుసబుస ఆగేవరకు స్ప్రింగు బిగించి, ఆపైన పావు చుట్టు చాలు. రెండు బార్ల పీడనం దగ్గర కూడా పోర్టు మీద పడే బలం సుమారు అర న్యూటను మాత్రమే. ఎక్కువ బిగిస్తే ఇంజను తన ఘర్షణతోనే పోరాడుతుంది. వదులుగా ఉండడంలో ఇంకో లాభం ఉంది: సిలిండర్‌లో నీరు చేరితే ముఖం కాస్త లేచి దాన్ని వదిలేస్తుంది.

ఒక దిశలో బాగా తిరిగి రెండో దిశలో మందగిస్తే పోర్టులు సమదూరంలో లేవు. ప్రతి చుట్టుకూ ఒకేచోట పట్టేస్తుంటే పివట్ గానీ క్రాంక్ పిన్ను గానీ నిటారుగా లేదు. టకటక చప్పుడొస్తే పిస్టన్ మూతను తాకుతోంది, రాడ్డు పొడవు చూడండి.

ఆవిరి

ఈ ఇంజను చుట్టుకు సుమారు 1.26 ఘన సెం.మీ. ఆవిరి తీసుకుంటుంది. నిమిషానికి 600 చుట్లు, ఒక బార్ దగ్గర అది గ్రాము నీటికి కొంచెం తక్కువ. లీకులు, గోడల మీద నీరు కట్టడం కలుపుకుని రెండు గ్రాములు లెక్కేయండి. 50 మి.మీ. వ్యాసం, 1.6 మి.మీ. గోడ, 100 మి.మీ. పొడవున్న రాగి బాయిలర్ దీనికి ధారాళం.

బాయిలర్ దగ్గర సొంత ప్రయోగాలు వద్దు. అతుకులన్నీ వెండి టంకంతోనే. మామూలు తగరం టంకం 183 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది, నీరు అయిపోయిన క్షణంలో అతుకు ఊడుతుంది. చివరి మూతలు అంచు మడిచినవై, వాటిని కలుపుతూ మధ్యలో ఒక స్టే కడ్డీ (మూతలు ఉబ్బకుండా పట్టి ఉంచేది) ఉండాలి. బుష్‌లు కంచువి. ఇత్తడిలోని జింకు వేడినీటికి కరిగిపోయి లోహం గుల్లబారుతుంది. రెండు బార్లకు తెరుచుకునే సేఫ్టీ వాల్వు పెట్టి, మొదటిసారి వెలిగించే ముందు నాలుగు బార్ల నీటి పీడనంతో పరీక్షించండి. బాయిలర్‌ను అంచుదాకా నీటితో నింపి, గాలి బుడగ మిగలకుండా చేతి పంపుతో పీడనం పెంచాలి. ఈ పరీక్ష గాలితో ఎప్పుడూ చేయకూడదు: నీటితోనైతే అతుకు విడితే నీరు కారి ఆగుతుంది, గాలితోనైతే ముక్కలు ఎగురుతాయి.

ఆవిరికి మెషిన్ ఆయిల్ నిలవదు, చిక్కటి స్టీమ్ సిలిండర్ ఆయిల్ కావాలి. మొదటి నిమిషం చల్లటి ఇత్తడి మీద ఆవిరి నీరైపోతుంది, ఎగ్జాస్టు గొట్టం నుంచి నీళ్లు చిమ్ముతాయి. అవి తగ్గేదాకా ఫ్లైవీల్‌ను చేత్తో తిప్పుతూ ఉండండి. ఆపాక ఇంజను వేడిగా ఉండగానే పివట్ నట్లు వదులు చేసి ముఖాలు తుడిచి నూనె రాయండి. షాఫ్టు, క్రాంక్ పిన్ను ఉక్కువి, తేమతో వదిలేస్తే తుప్పు పట్టేస్తాయి.