విమానంలో ఎంతసేపు కూర్చోవాలో చిటికెలో లెక్క

టికెట్ మీద బయల్దేరే టైమ్, దిగే టైమ్ ఏ ఊరివి ఆ ఊరి గడియారం ప్రకారం వేస్తారు. విదేశీ ప్రయాణమైతే ఒకదాంట్లోంచి ఒకటి తీసేసినా అసలు ప్రయాణం ఎంతో తేలదు.

దూరం తెలిస్తే చాలు. కిలోమీటర్లను 800తో భాగించి, అరగంట కలపండి. విమానం రన్‌వే దాకా మెల్లగా నడవడం, గాల్లోకి లేవడం, కిందికి దిగడం అన్నీ ఆ అరగంటలోకే. లండన్ నుంచి న్యూయార్క్ సుమారు 5,570 కి.మీ. అంటే దాదాపు 7 గంటలు, అరగంట కలిపితే ఏడున్నర.

రోడ్డు దూరం మాత్రం తీసుకోవద్దు. కంప్యూటర్‌లో గూగుల్ మ్యాప్స్ తెరిచి, ఒక ఊరి మీద రైట్ క్లిక్ చేసి, దూరం కొలిచే ఆప్షన్ నొక్కి, రెండో ఊరి మీద క్లిక్ చేస్తే నేరు దూరం వచ్చేస్తుంది.

తూర్పు పడమరల దూర ప్రయాణాల్లో ఈ లెక్క కాస్త తప్పుతుంది. పైన గాలి పడమర నుంచి తూర్పుకి గట్టిగా వీస్తుంది కాబట్టి, అదే న్యూయార్క్ నుంచి లండన్ వచ్చేటప్పుడు గంట దాకా తగ్గొచ్చు, చలికాలంలో మరీనూ. మధ్యలో ఆగే ఫ్లైట్లకైతే ఏ ముక్కకాముక్క విడిగా లెక్కేసుకోవాలి.