శనగలు ఎన్ని గంటలు నానబెట్టి విత్తాలి, అంతకుముందు చేనుకి ఏం చేయాలి

శ్రావణ మాసంలో వాయనానికి శనగలు నానబెట్టని ఇల్లు మన వైపు తక్కువ. రాత్రి గిన్నెలో పోసిన గింజలు తెల్లారేసరికి ఉబ్బి అంచుకొస్తాయి, మిగిలినవి తడిగుడ్డలో కట్టి మర్చిపోతే మర్నాటికి తెల్లటి ముక్కు బయటపెడతాయి. చేలో గింజ చేసేదీ ఇదే పని. కాకపోతే అక్కడ నీళ్ళు నేలలోంచి కొంచెం కొంచెంగా పీల్చుకోవాలి, ఈలోగా పైపదును ఆరిపోతుంది. ఆ నీళ్ళు తాగే పనేదో ఇంట్లోనే చేయించి, మొలక రాకముందే ఆపి, పైతడి ఆర్చి విత్తితే ఒకటి రెండు రోజులు కలిసొస్తాయి. దీనికి సీడ్ ప్రైమింగ్ అని పెద్ద పేరు పెట్టారు గానీ విషయం ఇంతే.

వరి నారుకి మండె కట్టినవాళ్ళకి, అంటే వడ్లు నానబెట్టి మూటకట్టి మొలకెత్తించినవాళ్ళకి, ఇదేం కొత్త కాదు. అక్కడ మొలక రావాలి, ఇక్కడ రాకూడదు. నేను బోల్తా పడింది సరిగ్గా అక్కడే.

మూడేళ్ళ కిందట సాయంత్రం డ్రమ్ములో శనగలు పోసి పడుకున్నా, తెల్లారే వస్తానన్న ట్రాక్టర్ మధ్యాహ్నం రెండింటికి వచ్చింది, అప్పటిదాకా గింజల్ని నీళ్ళల్లోంచి తీయాలన్న ఆలోచనే రాలేదు. సగానికి ముక్కులు వచ్చేశాయి. ట్రాక్టర్ వెనక కట్టే విత్తే యంత్రం, అదే సీడ్ డ్రిల్‌లో పడగానే ఆ ముక్కులు విరిగాయి, గొట్టాలు పూడుకున్నాయి, నాలుగు సాళ్ళకోసారి దిగి పుల్లతో పొడుచుకుంటూ ఎలాగో విత్తాం. వారం తర్వాత చూస్తే చేనంతా ఖాళీలే. మనుషుల్ని పెట్టి మళ్ళీ గింజలు పెట్టించాల్సి వచ్చింది.

కాబట్టి గడియారం ముఖ్యం. శనగకి 8 గంటలు, జొన్నకి 10, వరికి, మొక్కజొన్నకి 24 గంటలు దాటకూడదు. ఆ లోపు తీసేసిన గింజ బయటి నుంచి మళ్ళీ తడి దొరికితేనే మొలుస్తుంది, లేకపోతే ఆగుతుంది. అది దాటితే తడి ఉన్నా లేకపోయినా మొలక బయల్దేరుతుంది, ఎండు నేలలో పడితే మాడిపోతుంది. బంగ్లాదేశ్‌లో బరింద్ అనే ప్రాంతంలో వరి కోశాక నేలలో మిగిలిన పదును మీద శనగ వేసే రైతులతో ఈ పద్ధతి పరీక్షలు చేయించారు. మన ఒంగోలు, మద్దిపాడు, నాగులుప్పలపాడు నల్లరేగడిలోనూ వాన వెలిశాక మిగిలిన పదునే కదా ఆధారం.

ముందు విత్తనం సంగతి చూసుకోండి. వంద గింజలు తడి గోనెపట్టలో చుట్టి నీడలో పెట్టండి, అయిదారు రోజుల్లో 85 మొలవాలి, ధ్రువీకరించిన శనగ విత్తనానికి ఉండే లెక్క అదే. మిషన్‌తో నూర్చిన గింజల్లో పొట్టు పగిలినవి ఎక్కువ. ఒక గుప్పెడు నీళ్ళల్లో వేసి పది నిమిషాలు చూస్తే తెలిసిపోతుంది, పగిలినవి ముందుగా ఉబ్బుతాయి. అలాంటివి ఎక్కువుంటే ఆ విత్తనాన్ని నానబెట్టకండి. పొట్టు పల్చగా ఉండే కాబూలీ రకాలతో ఇంకా జాగ్రత్త. కొన్న విత్తనానికి అప్పటికే రంగు మందు పట్టించి ఉంటే దాన్నీ నానబెట్టొద్దు, మందంతా నీళ్ళల్లో పోతుంది.

ఇక అసలు పని. ఎన్నింటికి విత్తుతారో ముందు ఖాయం చేసుకుని, అక్కణ్ణుంచి వెనక్కి లెక్క కట్టండి. పొద్దున్నే విత్తాలంటే రాత్రి తొమ్మిదికో పదికో పోయాలి. పది కిలోల గింజకి ఇరవై లీటర్ల మంచినీళ్ళు, ఉప్పు బోరు నీళ్ళు వద్దు. తేలినవి తీసేయండి. ఫోన్‌లో అలారం పెట్టుకోండి, సిగ్గేం లేదు. తీశాక నీళ్ళు వంచేసి నీడలో పట్టా మీద పల్చగా పరచండి, ఎండలో మాత్రం కాదు. గంటా రెండు గంటలకి గుప్పెడు తీసుకుని అరచెయ్యి తిరగేస్తే ఒక్క గింజా చేతికి అంటుకోకుండా రాలిపోవాలి. అప్పుడే డ్రిల్‌లో జారుతుంది. గింజ లావెక్కి ఉంటుంది కాబట్టి డ్రిల్ సెట్టింగ్ ఒకసారి ఖాళీగా తిప్పి చూసుకోవాలి. ట్రాక్టర్ రాలేదా, బాగా ఆర్చి ఉంచండి, రెండు మూడు రోజులు ఫర్వాలేదు.

మందు పట్టించడం ఆరిన తర్వాతే. కిలోకి 10 గ్రాముల ట్రైకోడెర్మా (తెగుళ్ళని అడ్డుకునే మంచి బూజు), ఆ తర్వాత బెల్లం నీళ్ళతో రైజోబియం (వేళ్ళకి నత్రజని అందించే సూక్ష్మజీవి), ఇదీ నీడలోనే. బూజుని చంపే కార్బెండజిమ్ పట్టిస్తే ట్రైకోడెర్మా దండగ, మందు దాన్నే చంపేస్తుంది.

వాన సూచన ఉంటే మాత్రం విత్తడమే ఆపండి. ఉబ్బిన గింజ నీళ్ళు నిలిచిన రేగడిలో కుళ్ళిపోతుంది.

గింజకి ఇంత చేసి చేనుని వదిలేస్తే లాభం లేదు. శనగ వేసే నల్లరేగడి ఖరీఫ్ అంతా బోడిగా పడి ఉంటుంది, పైమట్టి కొట్టుకుపోయేది అప్పుడే. తొలకరికి జనుమో పిల్లిపెసరో చల్లి పూతకి రాగానే కలియదున్నితే నేల కప్పి ఉంటుంది, ఎరువూ అవుతుంది. దుక్కి వాలుకి అడ్డంగా ఉండాలి. డ్రైవర్లకి పొడవు సాలే ఇష్టం, మలుపులు తక్కువ కదా, దగ్గర నిలబడి చెప్పకపోతే వాలు వెంబడే దున్ని పోతారు. గట్లు ఎండాకాలంలోనే ఎత్తు చేసి, పల్లం మూలన రాళ్ళు పేర్చి చిన్న అలుగు వదలండి, లేకపోతే నీళ్ళు గట్టు తెంపుకునే పోతాయి. చేను మధ్యలో మురుగు కాలువలూ కావాలి. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది, అలాంటప్పుడు నీళ్ళు ఎంత తొందరగా బయటికి పోతే మొక్క అంత బతుకుతుంది.

చుట్టూ నాలుగు వరుసల జొన్న, గట్టు పక్కన బంతి, మధ్యమధ్యలో కాస్త ధనియాలు వేసుకోండి. శనగ కాయని తొలిచే పచ్చపురుగు బంతి పూల మీద ముందు కనిపిస్తుంది, ధనియాల పూతకి మిత్రపురుగులు వస్తాయి. పిట్టలు వాలడానికి ఎకరాకి పది పంగల కర్రలు చాలు.

మందు పట్టించిన గింజలు మిగిలితే కోళ్ళకి వేయకండి, గుగ్గిళ్ళకి అసలే వద్దు.