పాలు తాగలేకపోతున్న పాపకు ముక్కు శుభ్రం చేసిన తీరు

ఐదు నెలల మా పాపకు బ్రాంకియోలైటిస్ (ఊపిరితిత్తుల్లోని సన్నని గాలి గొట్టాలు వాచే జబ్బు) వచ్చినప్పుడు దగ్గు కంటే పాలు పట్టడమే పెద్ద కష్టమైంది; రెండు గుక్కలు తాగగానే ఊపిరి అందక రొమ్ము వదిలేసి ఏడ్చేది. ఆ వయసు పిల్లలు ప్రధానంగా ముక్కుతోనే గాలి పీల్చుకుంటారు కనుక, ముక్కు చీమిడితో మూసుకుపోతే చీకడమూ శ్వాసించడమూ కలిసి సాగవని పిల్లల వార్డులోని నర్సు గారు వివరించారు. ఆమె చూపినట్లే, పాలివ్వడానికి కొద్దిసేపు ముందు ఒక్కో ముక్కు రంధ్రంలో 0.9 శాతం సెలైన్ (ఉప్పునీటి) చుక్కలు ఒకటి రెండు వేసి, చీమిడి మెత్తబడే వరకు ఆగి, చీమిడిని పీల్చి తీసే రబ్బరు బల్బును ముందుగానే నొక్కి పట్టుకుని, దాని కొనను రంధ్రం అంచు దగ్గరే ఉంచి, పట్టు మెల్లగా వదిలేదాన్ని. కొనను లోతుగా పెడితే లోపలి పొర వాచి ముక్కు ఇంకా బిగుసుకుంటుంది కాబట్టి, అన్నిటికంటే ఈ జాగ్రత్తే ముఖ్యమని నా నమ్మకం. వాడిన ప్రతిసారీ బల్బును సబ్బునీళ్లతో కడిగి ఆరబెట్టాలి. ఆ తర్వాత పాపను కాస్త నిటారుగా పట్టుకుని, కొద్దికొద్దిగా ఎక్కువసార్లు పాలిస్తే వదలకుండా తాగింది. వీపు తట్టమని ఇంట్లో పెద్దలు చెప్పారు గాని, ఈ జబ్బులో దానివల్ల మేలు లేదని డాక్టరు గారు వారించారు. రెండు నెలలు దాటి ఏడాది నిండని బిడ్డ నిమిషానికి 50 లేదా అంతకు మించి శ్వాసలు తీస్తున్నా, డొక్కలు ఎగరేస్తున్నా, పెదవులు నీలబడినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.