నేల బాగుకు సబ్సిడీ: మే నెలలోనే కదలండి

మాది గుంటూరు దగ్గర తాడికొండ మండలం. నల్లరేగడి, మిరప, పత్తి. పొలం మా ఆయన చూసుకుంటారు, కాగితాలు నేను చూసుకుంటాను. డ్వాక్రా సంఘంలో ఎవరికి అర్జీ పెట్టాలన్నా నా దగ్గరికే వస్తారు.

ముందే చెప్తున్నా, నేల కోసం చేతికి డబ్బులిచ్చే పథకాలు తక్కువ. ఎక్కువగా వచ్చేది విత్తనం, జింకు, జిప్సం రూపంలోనే. నేరుగా డబ్బు కావాలంటే 2024 నవంబరులో కేంద్రం ఆమోదించిన జాతీయ సహజ వ్యవసాయ మిషన్ ఉంది, రసాయనాలు లేని ప్రకృతి వ్యవసాయం చేసేవాళ్లకు: ఎకరాకు ఏడాదికి 4,000 రూపాయలు, రెండేళ్లు. ఊరు ఆ పథకానికి ఎంపికైన ప్రాంతంలో (క్లస్టర్) ఉంటేనే ఇస్తారు. ఆ సంగతి రైతు సేవా కేంద్రంలో అడగండి (మా ఊళ్లో ఇంకా పాత పేరుతో ఆర్బీకే అనే అంటారు). ప్రకృతి వ్యవసాయం పనులు మహిళా సంఘాల ద్వారానే నడుస్తాయి కాబట్టి సంఘం మీటింగులో ఇంకా తొందరగా తెలుస్తుంది.

దేనికైనా మొదలు మట్టి పరీక్షే. పంట తీశాక, ఎరువు వేయకముందు, అంటే వేసవిలో చేయించాలి. గట్ల పక్కన, చెట్ల కింద, పెంట కుప్పలు వేసిన చోట మట్టి తీయొద్దు. పొలంలో వంకరటింకరగా నడుస్తూ ఎనిమిది పది చోట్ల ఆరంగుళాల లోతు గుంట తీసి, పక్క గోడను పైనుంచి కిందికి పలచగా చెక్కండి. అంతా కలిపి పరిచి నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు రెండు తీసేయండి. అర కిలో మిగిలేదాకా ఇలాగే చేసి నీడన ఆరబెట్టండి. యూరియా సంచిలో మాత్రం పోయకండి, ఇక ఆ రిపోర్టుకు అర్థం ఉండదు! పరీక్ష అయ్యాక ఇచ్చే భూసార కార్డులో 12 అంశాలు వస్తాయి. జింకు తక్కువని ఉంటే ఆ కార్డే చూపించి జింకు సల్ఫేట్ అడగొచ్చు.

పెంచి నేలలో కలియదున్నే పచ్చిరొట్ట పైర్లు జీలుగ, జనుము, పిల్లిపెసర విత్తనాలు సబ్సిడీ మీద వస్తాయి. తొలకరికి ముందే పేరు రాయించుకోండి. స్టాకు అయిపోయాక ఎవరూ ఏమీ చేయలేరు.

కాగితాలు: ఆధార్, పట్టాదారు పాసుపుస్తకం, బ్యాంకు పుస్తకం, ఆధార్‌కు లింకైన ఫోను. రెండు మూడు బ్యాంకుల్లో ఖాతాలుంటే డబ్బు ఆధార్ చివరగా లింకైన ఖాతాలో పడుతుంది. డబ్బు రాలేదని టెన్షన్ పడేవాళ్లలో సగం మందిది ఈ గొడవే. అది ఏ ఖాతానో ముందే బ్యాంకులో కనుక్కోండి. ఈ-క్రాప్‌లో (ప్రభుత్వం ఆన్‌లైన్‌లో పెట్టే పంటల లెక్క) మీ పంట నమోదు కూడా చూసుకోండి.

కౌలుకు చేసేవాళ్లకు సాగుదారు హక్కు పత్రం కావాలి. పదకొండు నెలలే చెల్లుతుంది, ఏటా మళ్లీ తీసుకోవాలి. భూమి పోతుందేమోనని ఆసామి సంతకానికి వెనకాడతాడు. ఆ పత్రంతో భూమి మీద కౌలుదారుకు ఏ హక్కూ రాదని 2019 చట్టంలోనే ఉంది. ఆ మాట మీరు చెప్తే నమ్మకపోవచ్చు, వీఆర్వోను వెంటబెట్టుకుని వెళ్లండి.